మందు పనిచేస్తుందని రిపోర్టు, జ్వరం మాత్రం తిరగబెడుతోంది

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పక్షవాతంతో ఐదు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నారు. చేరిన రోజు నుంచీ మూత్రానికి గొట్టం ఉంది, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసిన సెంట్రల్ లైన్ కూడా ఉంది. మూడో వారంలో చలితో జ్వరం వచ్చింది. యూరిన్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. మెరోపెనెం అనే యాంటీబయాటిక్ ఎదురుగా ‘ఎస్’ (మందుకు లొంగుతుంది) అని ఉంది. ఏడు రోజులు ఆ ఇంజెక్షన్ చేశారు, జ్వరం పోయింది. ఆపిన ఐదో రోజున మళ్లీ వచ్చింది. ఈసారి కల్చర్‌లోనూ క్లెబ్సియెల్లానే, కానీ మెరోపెనెం ఎదురుగా ‘ఆర్’ (లొంగదు) అని వచ్చింది. గొట్టానికి బయోఫిల్మ్ పట్టిందనీ, దాన్ని తీసేయాలి లేదా మార్చాలనీ డాక్టరుగారు అంటున్నారు. రిపోర్టులో ఆ మాటే లేదు. పనిచేస్తుందన్న మందు ఎందుకు పనిచేయలేదు? గొట్టాన్ని మందు నీళ్లతో కడిగితే చాలదా? పక్కన ఉండే మేము ఏం చేయాలి? మాకూ అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ డాక్టరుగారి మాట సబబుగానే ఉంది. రిపోర్టు కూడా అబద్ధం చెప్పలేదు. ల్యాబ్‌లో పరీక్షించింది మూత్రంలో తేలుతున్న సూక్ష్మజీవులను. డాక్టరుగారు మాట్లాడుతున్నది గొట్టం గోడకు అతుక్కుని బతుకుతున్న వాటి గురించి. రెండూ ఒకే క్లెబ్సియెల్లా అయినా, మందుకు లొంగే తీరులో వాటికి పోలికే ఉండదు.

ఆ ‘ఎస్’ ఎలా వచ్చిందో చూడండి. మూత్రపు చుక్కను పోషకాల పళ్లెం మీద గీస్తారు. మర్నాటికి లేచిన మచ్చల్లోంచి ఒకటి రెండు తీసి సెలైన్‌లో కలుపుతారు. మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల బ్యాక్టీరియా ఉండేలా ఆ ద్రవం చిక్కదనాన్ని సరిచూసి, మరో పళ్లెం నిండా పులిమి, దాని మీద 10 మైక్రోగ్రాముల మెరోపెనెం ఉన్న కాగితపు బిళ్లను పెడతారు. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచాక, బిళ్ల చుట్టూ ఏమీ మొలవని వలయాన్ని కొలుస్తారు. చాలా ల్యాబ్‌లు పాటించే సీఎల్‌ఎస్‌ఐ అనే అమెరికా సంస్థ ప్రమాణాల ప్రకారం ఆ వలయం అడ్డుకొలత 23 మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే ‘ఎస్’, 19 లేదా అంతకు తగ్గితే ‘ఆర్’. కొన్ని ల్యాబ్‌ల్లో ఇదే పనిని యంత్రం చేసి ఎంఐసి (పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢత) అనే అంకె ఇస్తుంది. మెరోపెనెంకు మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము లేదా తక్కువైతే ‘ఎస్’, 4 లేదా ఎక్కువైతే ‘ఆర్’.

ఏ పద్ధతిలోనైనా పరీక్షకు నిలిచేది తాజాగా, విడివిడిగా, తిండి సమృద్ధిగా దొరికి చకచకా రెట్టింపవుతున్న బ్యాక్టీరియా. మీ నాన్నగారి రక్తంలోనూ మూత్రంలోనూ తేలుతున్నవి దాదాపు ఆ స్థితిలోనే ఉంటాయి కాబట్టి మందుకు చచ్చాయి, జ్వరం తగ్గింది. గొట్టం మీద ఉన్నవాటిని ఆ పరీక్ష అసలు చూడనే లేదు.

గొట్టం మూత్రాశయంలోకి వెళ్లిన కొద్దిసేపటికే మూత్రంలోని, ఒంట్లోని ప్రోటీన్లు దానికి పూతలా పట్టుకుంటాయి. గొట్టపు కొస, దాన్ని లోపల నిలిపి ఉంచే నీటి బుడగ రాపిడి వల్ల మూత్రాశయం లోపలి పొర కొంత ఒరుసుకుని, ఫైబ్రినోజెన్ అనే రక్తపు ప్రోటీన్ కూడా అక్కడికి చేరుతుంది. సిలికోన్‌కో రబ్బరుకో నేరుగా అంటుకోలేని బ్యాక్టీరియాకు కూడా ఈ పూత మీద పట్టు దొరుకుతుంది. క్లెబ్సియెల్లాకు వెంట్రుకల్లాంటి సన్నని పోగులు ఉంటాయి. వాటిలో టైప్ 3 ఫింబ్రియే అనేవి ఇలాంటి పూతను పట్టుకోవడానికే పనికొస్తాయి. మొదట అతుక్కున్నవి కాసేపు ఊడుతూ అంటుకుంటూ ఉంటాయి. పట్టు కుదిరాక చుట్టూ జిగురు స్రవించడం మొదలుపెడతాయి. అందులో చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన కణాల నుంచి వెలువడిన డీఎన్ఏ, వాటి మధ్య బోలెడంత నీరు ఉంటాయి. నీరు తీసేసి తూచితే సాధారణంగా పదో వంతు కూడా బ్యాక్టీరియా ఉండదు, మిగిలిందంతా ఆ జిగురే. ఇలా గూడు కట్టుకున్న పొరనే బయోఫిల్మ్ అంటారు. పంటి మీద పేరుకునే పాచి కూడా అదే జాతి. లీవెన్‌హుక్ 1683లో సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించిన ‘చిన్న ప్రాణులు’ ఆ పాచిలోవే.

అసలు లోపలికి చేరే దారులు రెండే. ఒకటి గొట్టం బయటి వైపు. మూత్రద్వారం చుట్టూ చర్మం మీద, మలంలో ఉండేవి గొట్టాన్ని పట్టుకుని పైకి పాకుతాయి. రెండోది గొట్టం లోపలి వైపు. బ్యాగుకూ గొట్టానికీ మధ్య అతుకు విప్పినప్పుడు, లేదా బ్యాగు కుళాయి మురికైనప్పుడు లోపల ప్రవేశించి మూత్రానికి ఎదురెక్కుతాయి. గొట్టం ఉన్న ఒక్కో రోజుకు మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటాయి. ఎంత శుభ్రంగా చూసుకున్నా ఇది తప్పదు. కాబట్టి ఎవరి నిర్లక్ష్యమో అని మీలో మీరు నలిగిపోకండి.

ఇక మందు ఎందుకు ఓడిపోతుందన్నది. బయోఫిల్మ్‌లో ఉన్న బ్యాక్టీరియాను చంపాలంటే తేలుతున్న వాటికి కావలసిన మోతాదుకు 100 నుంచి 1000 రెట్ల వరకూ అవసరం పడవచ్చు. జిగురు మందును లోపలికి రానివ్వదు అన్నది అందరూ చెప్పే కారణం, కానీ అది సగం నిజమే. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులకు ధన విద్యుదావేశం ఉంటుంది కనుక రుణావేశం ఉన్న జిగురులో చిక్కుకుని ఆలస్యంగా చేరతాయి. మెరోపెనెం తరగతి మందులను నరికే ఎంజైములు పొరలో పోగుపడి, మందు అడుగుకు చేరకముందే కొంత పాడుచేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి మాత్రం చాలా పొరల్లోకి బాగానే చొరబడతాయి. అయినా లోపలివన్నీ చావవు.

ఎందుకంటే పొర అడుగున ఉన్నవాటికి ఆక్సిజన్ అందదు, తిండి చాలదు. అవి పెరగడం దాదాపు మానేస్తాయి. మెరోపెనెం చంపేది కణం తన గోడను కట్టుకుంటున్నప్పుడు. గోడ కట్టడమే ఆపేసిన కణం మీద దానికి చేయడానికి పని లేదు. అమికాసిన్ కణంలోకి వెళ్లడానికి ఆక్సిజన్‌తో నడిచే శ్వాసక్రియ కావాలి. అదీ అక్కడ లేదు. వీటికి తోడు, ఏ గుంపులోనైనా కొద్దిపాటి కణాలు పూర్తిగా నిద్రాణంగా ఉండిపోతాయి. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రవేత్త పెన్సిలిన్ ఎంత పోసినా మిగిలిపోతున్న స్టెఫైలోకాకస్ కణాలను గమనించి వాటికి పర్సిస్టర్లు అని పేరు పెట్టాడు. ఆయన వాటిని మళ్లీ పెంచితే వచ్చిన సంతానం పెన్సిలిన్‌కు మామూలుగానే చచ్చింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇలా తట్టుకుని మిగిలినవి మందును ఎదిరించే జన్యువు ఉన్నవి కానక్కరలేదు. మందు ఆపగానే పొర నుంచి కొన్ని విడిపోయి మూత్రంలోకి వస్తాయి, పెరుగుతాయి, జ్వరం తిరగబెడుతుంది. వాటిని ల్యాబ్‌కు పంపితే మళ్లీ ‘ఎస్’ అనే రావచ్చు కూడా.

మీ విషయంలో రెండోసారి ‘ఆర్’ వచ్చింది. ఇది పైన చెప్పిన తట్టుకోవడం కాదు, అసలైన నిరోధకత. దీనికి రెండు దారులున్నాయి. పొరలో కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి నిరోధక జన్యువులున్న ప్లాస్మిడ్లు (చిన్న డీఎన్ఏ వలయాలు) ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరే అవకాశం ఎక్కువ. పైగా లోపల మందు చంపేంత మోతాదులో ఉండదు, ఉన్న కాస్త మోతాదూ నిరోధకత ఉన్నవాటినే మిగిలేలా చేస్తుంది. రెండో దారి, వార్డులో ఇంకో రోగి నుంచి చేతుల ద్వారా వేరే క్లెబ్సియెల్లా వచ్చి చేరడం. పేరు ఒకటే ఉన్నంత మాత్రాన పాతదే అనుకోలేం. ఏది జరిగిందో మామూలు కల్చర్ రిపోర్టు చెప్పలేదు, కానీ చేయవలసిన పని రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఒక్క జాగ్రత్త: నిరోధకత ఎక్కువ ఉన్న బ్యాక్టీరియా పొర కూడా ఎక్కువ కడుతుందని నియమమేమీ లేదు. అన్ని మందులకూ లొంగే బ్యాక్టీరియా కూడా గొట్టం మీద గట్టి పొర కట్టి నెలల తరబడి వేధించగలదు.

రిపోర్టులో బయోఫిల్మ్ అన్న మాట లేకపోవడం మామూలే. రోజువారీ ల్యాబ్‌ల్లో దానికి పరీక్ష లేదు. పరిశోధనల్లో 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో బ్యాక్టీరియాను 24 గంటలు పెంచి, కడిగి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి గోడకు పట్టినదాన్ని కొలుస్తారు. కడగడంలో కాస్త చేయి బరువైనా, పోషకద్రవంలో గ్లూకోజ్ కాస్త తేడా అయినా ఫలితం మారిపోతుంది. పైగా ప్లాస్టిక్ పళ్లెంలో పొర కట్టినది ఒంట్లోని గొట్టం మీదా అలాగే కడుతుందన్న హామీ లేదు. పొర మీద మందుల్ని పరీక్షించే పద్ధతులున్నా, ఎంత వస్తే పనిచేస్తుందని చెప్పాలో ఒప్పుకున్న ప్రమాణం లేదు. అందుకే డాక్టర్లు లక్షణాలను బట్టే అంచనా వేస్తారు. గొట్టం లోపలే ఉంది, మందుకు జ్వరం తగ్గింది, ఆపగానే తిరగబెట్టింది, మళ్లీ అదే జాతి కనిపించింది. ఇంతకంటే గట్టి ఆధారం ఆశించలేం. ఎవరైనా తీసేసిన మూత్రపు గొట్టం కొసను కల్చర్‌కు పంపుతామంటే దానివల్ల లాభం లేదు. నెలపాటు లోపలున్న గొట్టం కొస మీద ఏదో ఒకటి ఎలాగూ మొలుస్తుంది.

కడగడం గురించి అడిగారు. వద్దు. గొట్టంలోకి క్రిమిసంహారక ద్రవం పంపాలంటే బ్యాగు అతుకు విప్పాలి. విప్పిన ప్రతిసారీ కొత్త బ్యాక్టీరియాకు తలుపు తీసినట్టే. పోసిన ద్రవం గొట్టం లోపలి గోడను కొన్ని నిమిషాలు తాకుతుందేమో కానీ బయటి గోడ మీది పొరను పెద్దగా ఏమీ చేయలేదు. మూత్రాశయం పొరకు మాత్రం మంట పుట్టిస్తుంది. ఆపరేషన్ తరవాత రక్తపు గడ్డలు అడ్డుపడకుండా సెలైన్‌తో కడగడం వేరు, దాన్ని దీనితో కలపకండి. బ్యాగులో క్రిమిసంహారకం పోయడం వల్లా మేలు కనబడలేదు. వెండి పూత ఉన్న గొట్టాల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. 2012లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కొద్ది రోజులు గొట్టం పెట్టుకున్న రోగుల్లో అవి లక్షణాలతో వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించలేదు.

మోతాదు పెంచితే అన్న ఆలోచన కూడా సహజం. 100 రెట్లు మందు మనిషికి ఇవ్వలేం. మెరోపెనెం మరీ ఎక్కువైతే, ముఖ్యంగా మూత్రపిండాలు మందగించినవారికీ మెదడు దెబ్బతిన్నవారికీ, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ మీరు తప్పక చూసుకోవలసిన సంగతి ఒకటుంది. పక్షవాతం తరవాత మీ నాన్నగారికి ఫిట్స్ మందుగా వాల్ప్రోయేట్ ఇస్తున్నారా? మెరోపెనెం తరగతి మందులు రక్తంలో వాల్ప్రోయేట్‌ను ఒకటి రెండు రోజుల్లోనే బాగా పడగొట్టేస్తాయి. వాల్ప్రోయేట్ మోతాదు పెంచినా సాధారణంగా సరికాదు, వేరే ఫిట్స్ మందు అవసరమవుతుంది. ఇచ్చే డాక్టర్లు వేర్వేరు విభాగాల వారైతే ఇది జారిపోయే అవకాశం ఉంది. మీరు గుర్తుచేస్తే ఎవరూ తప్పు పట్టరు.

కాబట్టి ఉన్న మార్గం పొరకు ఆధారమైన గొట్టాన్నే తొలగించడం. మార్చడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గొట్టం ఇవాళ అవసరమా? మూత్రం బిగుసుకుపోయిందా, గంట గంటకూ మూత్రం కొలవాల్సిన పరిస్థితా, వెనుక భాగంలో పుండు ఉండి తడి తగలకూడదా? ఇవేవీ కాకపోతే, కేవలం లేవలేకపోతున్నారని, పక్క తడుపుతారని గొట్టం ఉంచడం సరైన కారణం కాదు. నా అభిప్రాయంలో మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ‘చేరిన రోజు నుంచీ గొట్టం ఉంది’ అన్నదే.

తీసేశాక నాలుగు నుంచి ఆరు గంటలు చూస్తారు. మూత్రం పోస్తే, ఇంకా లోపల ఎంత మిగిలిందో బ్లాడర్ స్కాన్‌తో చూడవచ్చు. అసలు రాకపోతే, లేదా ఎక్కువ మిగిలిపోతుంటే, రోజంతా గొట్టం ఉంచే బదులు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నని గొట్టం పెట్టి మూత్రం తీసేసి వెంటనే తీసివేసే పద్ధతి ఉంది. మూత్రాశయంలో 500 మిల్లీలీటర్లకు మించి నిలవకుండా చూడడం లక్ష్యం. మూత్రం సాఫీగా వస్తూ అదుపు మాత్రమే లేకపోతే, మగవారికి బయట నుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ సరిపోతుంది, లేదంటే డైపర్. పక్షవాతం రోగుల్లో మొదటి ప్రయత్నం విఫలమైనా కొద్ది రోజుల తరవాత మళ్లీ ప్రయత్నించమని అడగండి. గొట్టాన్ని మీరు మాత్రం లాగకండి. లోపల దాదాపు 10 మిల్లీలీటర్ల నీటితో నింపిన బుడగ ఉంటుంది. సిరంజితో ఆ నీరు తీయకుండా లాగితే మూత్రనాళం చీరుతుంది. మగతలో ఆయనే లాగుతుంటే వెంటనే నర్సుకు చెప్పండి.

తప్పనిసరిగా గొట్టం కావాలంటే పాతది తీసి కొత్తది పెట్టాలి. రెండు వారాలకు మించి ఉన్న గొట్టంతో ఇన్ఫెక్షన్ లక్షణాలు వస్తే మార్చాకే కల్చర్ చేయడం పద్ధతి. వరస ముఖ్యం: పాత గొట్టం తీయడం, కొత్తది పెట్టడం, కొత్తదాని నుంచి మూత్రం నమూనా, ఆ తరవాత కొత్త యాంటీబయాటిక్. పరిస్థితి విషమంగా ఉంటే మందును ఆలస్యం చేయరు, అది సరే. పాత గొట్టం నుంచి తీస్తే గోడ మీది పొరలో ఉన్నవన్నీ నమూనాలోకి వచ్చి, మూత్రాశయంలో నిజంగా ఏముందో కప్పేస్తాయి. బ్యాగులోంచి అస్సలు తీయకూడదు. అక్కడ గంటల తరబడి నిలిచిన మూత్రంలో బ్యాక్టీరియా పెరిగిపోతుంది. నమూనా ఒకటి రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, లేకపోతే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 24 గంటల వరకూ ఉంచవచ్చు. మీ రెండో రిపోర్టుకు నమూనా ఎక్కడి నుంచి తీశారో అడగండి. పాత గొట్టం నుంచి అయితే, కొత్తది పెట్టాక మళ్లీ పంపడం మంచిది.

కొత్త రిపోర్టులోనూ ‘ఆర్’ ఉంటే, మెరోపెనెంను ఏ ఎంజైమ్ నరుకుతోందో చెప్పే పరీక్ష చేయగలరా అని అడగండి. మందు ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంటుంది. కేపీసీ, ఆక్సా-48 అనే ఎంజైములైతే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ పనికొస్తుంది. ఎన్‌డీఎం అయితే అది ఒక్కటే పనిచేయదు, అజ్‌ట్రియోనామ్ కలపాలి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడితే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తరచూ చూస్తుండాలి, ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. త్వరగా కోలుకుంటే కోర్సు సాధారణంగా 7 రోజులు, ఆలస్యంగా స్పందిస్తే 10 నుంచి 14. గొట్టం మార్చకుండా రోజులు పెంచుకుంటూ పోవడం వల్ల పొరలో నిరోధకత పెరుగుతుందే తప్ప పొర పోదు.

జ్వరానికి కారణం మూత్రమే అని ఇప్పుడే తేల్చేయకండి. ఐదు వారాల గొట్టం ఉన్న మనిషి మూత్రంలో ఏ రోజు చూసినా బ్యాక్టీరియా కనిపిస్తుంది. పక్షవాతం రోగికి మింగడం సరిగా లేక ఊపిరితిత్తుల్లోకి పొరపోవచ్చు, వీపు కింద పుండు పడవచ్చు, కదలిక లేని కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు. మెడ దగ్గర లైన్ ఉండనే ఉంది. దాని లోపలా ఇదే పొర కడుతుంది. లైన్‌లోంచి మందు ఎక్కించిన అరగంట, గంటలో వణుకుతో జ్వరం వస్తే దాన్ని గట్టిగా అనుమానించాలి. అప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే లైన్ నుంచి ఒకసారి, చేతి నరం నుంచి ఒకసారి, సమానంగా రక్తం తీసి కల్చర్‌కు పంపుతారు. పెద్దవారికి ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి. తక్కువ తీస్తే ఉన్న బ్యాక్టీరియా కూడా దొరక్కపోవచ్చు. లైన్ నుంచి తీసిన సీసా చేతి నుంచి తీసినదానికంటే రెండు గంటలు లేదా అంతకంటే ముందే పాజిటివ్ అయితే మూలం లైనే అని అర్థం. స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా గానీ, క్యాండిడా అనే ఫంగస్ గానీ వచ్చాయంటే లైన్ తీసేయాలి. డయాలిసిస్ లాంటి వాటికి వాడే దీర్ఘకాలపు లైన్ తీయడం కుదరనప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ లాక్ వాడతారు. అంటే వ్యాంకోమైసిన్ లాంటిదాన్ని మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల గాఢతలో లైన్ గొట్టంలోనే గంటలపాటు నింపి ఉంచడం. ఒంట్లోకి ఇవ్వలేని 100, 1000 రెట్ల గాఢతను అక్కడ మాత్రం ఇవ్వగలం. మీ నాన్నగారిది తాత్కాలిక లైన్ అయితే ఆ అవసరం లేదు, చేతి నరంతో సరిపోతే లైన్ తీసేయడమే మేలు.

ఇక మీ చేతుల్లో ఉన్న పని. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు బ్యాగును రోగి పొట్ట మీదో కాళ్ల మధ్యో పెట్టేస్తుంటారు. అప్పుడు బ్యాగులోని మూత్రం వెనక్కి పారుతుంది. బయలుదేరే ముందే ఖాళీ చేయించండి. మామూలుగా కూడా బ్యాగు మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. బ్యాగు కుళాయి పాత్రకు తగలకూడదు, ఆ పాత్ర ఇంకో రోగికి వాడినది కాకూడదు. మూత్రాన్ని టాయిలెట్‌లోనే పారబోయండి, చేతులు కడుక్కునే సింకులో పోయకండి. సింకు కింది వంపులో ఈ నిరోధక బ్యాక్టీరియా పొర కట్టి నెలల తరబడి ఉంటుంది, కుళాయి తిప్పినప్పుడల్లా తుంపరలతో పైకి లేస్తుంది. అందుకే సింకు అంచున స్పూన్లు, మందుల గ్లాసు, టవలు పెట్టవద్దు.

గొట్టాన్ని మగవారికి తొడ పైభాగానికో పొత్తికడుపుకో టేపుతో బిగించాలి. కదిలే కొద్దీ మూత్రనాళం ఒరుసుకుంటుంది. మూత్రద్వారం చుట్టూ రోజూ సబ్బు నీళ్లతో కడిగితే చాలు, క్రిమిసంహారక మందుల వల్ల అదనపు లాభం లేదు. విరేచనం అయిన వెంటనే మళ్లీ కడగాలి. బ్యాగులోకి చుక్క కూడా రాకపోతే గొట్టం మడత పడిందేమో, రోగి కింద నలిగిందేమో చూడండి. కాదంటే నర్సుకు చెప్పండి. ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా మార్చడంతో మూత్రంలోని లవణాలు పొరలో స్ఫటికాలై గొట్టాన్ని మూసేస్తాయి. అలా పదేపదే మూసుకుపోతుంటే ఆ సంగతి డాక్టరుగారికి ప్రత్యేకంగా చెప్పాలి.

చేతుల విషయంలో చాలామంది పొరబడే చోటు, ఒక పని నుంచి ఇంకో పనికి మారే క్షణం. బ్యాగు ఖాళీ చేసిన చేత్తోనే ముక్కు గొట్టంలో పాలు పోస్తారు, తరవాత మెడ దగ్గర పట్టీ సర్దుతారు. ప్రతి మార్పుకూ మధ్య ఆల్కహాల్ రబ్‌ను అరచేతి గుంటకు నిండా తీసుకుని 20 నుంచి 30 సెకన్లు, వేళ్ల సందులూ బొటనవేళ్లూ మరవకుండా ఆరేదాకా రుద్దండి. చేతులు కంటికి మురికిగా కనిపిస్తే సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు. గ్లోవ్స్ వేసుకున్నా తీసేశాక ఇది తప్పదు. లైన్ విషయంలో మీరు చేయగలిగింది గమనించడమే: పారదర్శకపు పట్టీ 7 రోజులకోసారి, గాజ్ గుడ్డ (దూది గుడ్డ) పట్టీ 2 రోజులకోసారి మార్చాలి, తడిసినా ఊడినా వెంటనే. మందు ఎక్కించే ముందు లైన్ మూతిని ఆల్కహాల్‌తో 15 సెకన్లు రుద్ది ఆరనివ్వాలి.

38 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటిన జ్వరం, వణుకు, కొత్తగా వచ్చిన మగత లేదా తికమక, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే చెప్పండి. ఊపిరి వేగం పెరిగినా, బీపీ పడిపోయినా, మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే తగ్గినా, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల లోపు వచ్చినా, క్షణం ఆగకండి. మూత్రం మసకగా ఉందనీ వాసన వస్తోందనీ మాత్రం యాంటీబయాటిక్ అడగకండి. జ్వరం పోయి మనిషి బాగున్నప్పుడు ‘ఓసారి చూద్దాం’ అని మళ్లీ యూరిన్ కల్చర్ పంపవద్దు. గొట్టం ఉంటే అందులో ఏదో ఒకటి మొలుస్తుంది, దాన్ని చంపాలని మందు వేస్తే మరింత మొండివి మిగులుతాయి.

మీకు అంటుకునే మాట. ఆరోగ్యంగా ఉన్నవారి పేగుల్లో ఈ క్లెబ్సియెల్లా చేరి కొంతకాలం ఉండవచ్చు కానీ జబ్బు చేయడం అరుదు. నాన్నగారి చేయి పట్టుకోవడానికి, పక్కన కూర్చోవడానికి భయపడవద్దు. ఇప్పటికే ఆయన దూరమైపోయామని అనుకునే స్థితిలో ఉంటారు. పచ్చి పుండ్లున్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, డయాలిసిస్ చేయించుకునేవారు మాత్రం బ్యాగునూ మలమూత్రాలనూ తాకకుండా ఉంటే మంచిది, నెలలు నిండని పసిపిల్లలను వార్డుకు తేకండి. ఇంటికి వచ్చాక విడి గది, విడి పాత్రలు అక్కర్లేదు, బట్టలు మామూలు సబ్బుతో ఉతికి బాగా ఆరబెడితే చాలు. ఆయన పేగుల్లో ఈ బ్యాక్టీరియా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి మించి కూడా ఉండిపోవచ్చు. అందువల్ల రెండు కల్చర్ రిపోర్టులూ, ఎంజైమ్ పరీక్ష చేస్తే అదీ, గొట్టం, లైన్ పెట్టిన, తీసిన తేదీలూ ఒకే ఫైలులో ఉంచండి. ఇకపై ఏ ఆసుపత్రికి వెళ్లినా చేరేటప్పుడే, అడగకపోయినా, మెరోపెనెంకు లొంగని క్లెబ్సియెల్లా ఉందని చెప్పి ఆ ఫైలు చూపించండి.